మొగుడి కెమెరా

జైకూ కంప్యూటర్ తెరను కూనూ వైపు తిప్పిపెట్టి, కుర్చీలో వెనక్కి వాలి మళ్ళీ అదే మాట అన్నాడు. "ఏదో ఒకటి వేలు పెట్టి చూపించు. మిగతాది నేను చూసుకుంటా."

తెర నిండా కెమెరాలే. నల్లవి, బూడిద రంగువి, పొట్టివి, పొడుగు లెన్సు గొట్టాలవి. కూనూ చూసింది. చూడమన్నాడు కాబట్టి చూసింది. అక్టోబరు నుంచి ఆమె అన్ని పనులూ ఇలాగే చేస్తోంది. తినమంటే తింటుంది, కూర్చోమంటే కూర్చుంటుంది, ఎవరైనా నవ్వితే తనూ పెదాలు కాస్త సాగదీస్తుంది. లోపల మాత్రం ఏమీ లేదు. ఏడుపు కూడా లేదు. అదొక్కటి వచ్చినా ఊరివాళ్ళకి కాస్త ఊపిరాడేది.

ఉత్తర ధ్రువం దగ్గరి మంచు తీరంలో ఉన్న నువుత్తిక్ ఊరి వేటగాళ్ళ సంఘానికి జైకూ పెద్ద. సంఘం ఆఫీసంటే ఒక గది, ఒక హీటరు, గోడ మీద సముద్రం పటం, ఎప్పుడూ మరుగుతూ ఉండే టీ. అతను కూనూ మొగుడికి పెదనాన్న కొడుకు, కాబట్టి ఆమెకు బావ. బావ కనుక తనకు ఎకసెక్కాలాడే హక్కుందని అతని నమ్మకం. ఈ శీతాకాలమంతా ఆ హక్కును అడపాదడపా వాడి చూశాడు. వాడినప్పుడల్లా గోడతో మాట్లాడినట్టే ఉంది.

"ఇది చూడు," అని జైకూ ఒక బొమ్మ మీద గోరుతో కొట్టాడు. "ఎలాంటి వాతావరణాన్నైనా తట్టుకుంటుందట."

"ఎలాంటిదట?"

"అది రాయలేదు. పక్కన గొడుగు బొమ్మ వేశారు."

నువుత్తిక్‌లో గొడుగు అన్న వస్తువు ఎవరింట్లోనూ లేదు. మునుపటి కూనూ అయితే ఈ మాటకి పొట్ట పట్టుకుని నవ్వేది. ఇప్పుడు తెర వైపే చూస్తూ, "స్విచ్చులు చిన్నవి. చేతితొడుగుతో నొక్కలేం. తొడుగు తీస్తే వేళ్ళు పోతాయి," అంది.

"సరే, ఇది?"

"దాంట్లో అద్దంలోంచి చూడ్డం ఉండదు. లోపల చిన్న టీవీ ఉంటుంది, అందులోంచి చూడాలి. చలికి ఆ బొమ్మ ఈడ్చుకుంటూ వస్తుంది. తెల్ల ఎలుగు తల తిప్పేసి వెళ్ళిపోయాక నీకు తల తిప్పడం కనిపిస్తుంది. పైగా బ్యాటరీ తాగేస్తుంది."

"మరి ఈ పెద్ద గొట్టం? అంత దూరాన్నుంచి మీసాలు లెక్కపెట్టొచ్చట."

"మోసేదెవరు? నువ్వొస్తావా?"

జైకూ ఆశగా తలెత్తాడు. అచ్చం పాత కూనూ మాట్లాడినట్టే వినిపించింది. కానీ ఆమె ముఖంలో ఏ కదలికా లేదు. ఈ మాటలన్నీ ఆమె మొగుడు ఇపీలీవి. ఆమె నోట్లోంచి వస్తున్నాయి, అంతే.

ఎలుగులకి ఫోటోలు తియ్యాలన్న ఆలోచన కూడా ఇపీలీదే. దక్షిణాన ఉన్న నగరాల నుంచి వచ్చి హెలికాప్టర్లో తిరిగి లెక్క కట్టేవాళ్ళు తెల్ల ఎలుగులు తగ్గాయంటారు. రాత్రీ పగలూ గుమ్మంలో వాటితో వేగలేక చస్తున్న ఊరివాళ్ళు పెరిగాయంటారు. ఎలుగు మూతి మీద మీసాల దగ్గరుండే మచ్చలు ఒకదానికి ఉన్నట్టు ఇంకోదానికి ఉండవు. వసంతంలో, గడ్డకట్టిన సముద్రం ఆగిపోయి నల్లనీళ్ళు మొదలయ్యే అంచు దగ్గరికి అవి సీల్ జంతువుల వేట కోసం వస్తాయి. అక్కడ కాపు కాసి ఒక్కోదాని మూతిని ఫోటో తీసుకుంటే ఏది ఏదో తెలిసిపోతుంది, ఇక ఎవరూ వాదించడానికి ఉండదు. రెండు వసంతాలు ఇపీలీ ఆ పని చేశాడు. రెండుసార్లూ కూనూ వెంట ఉంది. ఈ వసంతం కూడా తీస్తేనే ఆ లెక్క నిలబడుతుంది. ఆ పని తెలిసినవాళ్ళు ఊళ్ళో ఇంకెవరూ లేరు.

"నాకు ఇవేం వద్దు బావా," అంది కూనూ. "ఇపీలీ కెమెరా ఉందిగా. దాంతోనే తీస్తా."

జైకూ టీ కప్పు ఎత్తి, తాగకుండానే కింద పెట్టాడు. "అది ఇపీలీది."

"నేనూ అదే అంటున్నా."

"నేననేది లీషియా ఒళ్ళో ఉన్న ఇపీలీ సంగతి."

కూనూ చూపు తెర మీదికి మళ్ళించింది.

మా ఊళ్ళో మనిషి పోతే పేరు పోదు. తర్వాత పుట్టిన బిడ్డకి ఆ పేరు పెడతారు, పేరుతో పాటు వరసలూ వచ్చేస్తాయి. డిసెంబరు చీకట్లో ఇపీలీ చెల్లెలు లీషియాకి కొడుకు పుట్టాడు. వాడికి ఇపీలీ అనే పెట్టారు. ఆ రోజు నుంచి అమ్మమ్మ కౌనక్ వాణ్ని "కొడకా" అంటుంది. కన్నతల్లి లీషియా "అన్నయ్యా" అని పిలిచి పాలు పడుతుంది. జైకూ "తమ్ముడూ" అంటాడు. పేరు ఎవరికి వస్తే వస్తువులూ వాళ్ళకే. ఇపీలీ తుపాకీ, కత్తి, సీలు తోలు బూట్లు ఎప్పుడో ఆ ఇంటికి చేరిపోయాయి. తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళకి కూనూయే ఒక్కొక్కటీ అందించింది. కన్ను చెమ్మగిల్లలేదు. ఒక్క కెమెరా పెట్టె మాత్రం ఆ ఇంటికి వెళ్ళలేదు. కూనూ కూడా వెళ్ళలేదు.

ఊరందరికీ ఆ పసివాడితో వరస కలిసింది, ఆమెకి తప్ప. ఆమె వాణ్ని మొగుడా అని పిలవాలి. ఆమె పిలిచేదాకా పేరు బిడ్డ మీద పూర్తిగా కుదురుకోదని పెద్దవాళ్ళ నమ్మకం. వాడు రోజూ సాయంత్రమయ్యేసరికి గుక్కపట్టి ఏడుస్తాడు. ఎందుకో అందరికీ తెలుసు, ఆమె మొహం మీద మాత్రం ఎవరూ అనరు. ఇది చెయ్యి అది చెయ్యి అని ఒకరి నెత్తిన కూర్చోవడం మా దగ్గర మర్యాద కాదు. చుట్టూ తిరిగి హాస్యమాడతారు, విన్నవాళ్ళ ఇష్టం.

"వెళ్ళి అడుగు," అన్నాడు జైకూ తెరవైపు చూస్తూ. "ఆలుమగల మధ్య ఎంతసేపు? 'ఏమయ్యా, కెమెరా ఇస్తావా' అంటే సరిపాయె. ఇచ్చాడా, అదే పట్టుకెళ్దువుగాని. ఇవ్వలేదా, ఇందులోంచి ఒకటి తెప్పిస్తా. రేపటికి తేలిపోవాలి కూనూ. ఈసారి విమానంలో రాకపోతే మంచు అంచు మన కోసం ఆగదు."

"కొత్తదే తెప్పించు. ఏదైనా పర్లేదు."

"ఏదైనా అంటే? వేళ్ళు పోగొట్టేదా, ఈడ్చుకుంటూ వచ్చేదా?"

కూనూ లేచి టోపీ తలమీదికి లాక్కుంది. "రేపొస్తా బావా."

ఊళ్ళో అందరి ఇళ్ళకీ ఉన్నట్టే కూనూ ఇంటికీ ముందు ఒక చలిగది ఉంది. తుపాకులు అక్కడే ఉంటాయి. చల్లబడిన ఇనుముని వెచ్చటి ఇంట్లోకి తెస్తే ఒళ్ళంతా చెమట పడుతుంది. ఆ తడితో మళ్ళీ బయటికి తీసుకెళ్తే కదిలే భాగాలన్నీ బిగుసుకుపోయి, ఎలుగు ఎదురైనప్పుడు తుపాకీ కర్రముక్కతో సమానమవుతుంది. నడక సరిగ్గా రాకముందే పిల్లలకి ఈ సంగతి తెలిసిపోతుంది. కెమెరా కూడా అంతే. లోపలికి తేవాలంటే ముందు చలిలోనే ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి కట్టాలి, తెచ్చాక సంచి వెచ్చబడేదాకా విప్పకూడదు. ఇపీలీ నెమ్మదస్తుడు, కుక్కల్ని కూడా గట్టిగా అదిలించేవాడు కాదు. అలాంటివాడు, లీషియా ఒకసారి పుట్టినరోజు ఫోటో కోసం ముచ్చటపడి ఆ కెమెరాని ఉన్నపళంగా ఇంట్లోకి తెచ్చేస్తే ఇల్లు దద్దరిల్లేలా అరిచాడు. ఆ అరుపుని పక్కింటివాళ్ళు ఇప్పటికీ అనుకరించి చూపిస్తారు.

పెట్టె చలిగదిలో మూలన, ఇపీలీ వేసిన ముడితో అలాగే ఉంది. సముద్రం అప్పుడప్పుడే గట్టిపడుతున్న రోజుల్లో అతను మంచు మీద జారే స్లెడ్జి బండి ఆపి దిగి, మంచుని ఈటెతో పొడిచి చూసుకుంటూ ముందుకి నడిచాడు. స్లెడ్జి ఆగిన చోట మంచు బాగానే ఉంది. అతను నడిచిన చోట బాగాలేదు. వెతకడానికి వెళ్ళినవాళ్ళు స్లెడ్జినీ పెట్టెనీ తెచ్చి ఇచ్చారు. మనిషిని సముద్రం ఇవ్వలేదు.

కూనూ పెట్టె ముందు నిలబడి, అలవాటుగా కోటు లోపల చెయ్యి పెట్టి చూసుకుంది. రెండు బ్యాటరీలూ ఉన్నాయి. చలికి బ్యాటరీలు చచ్చిపోతాయి కాబట్టి ఒంటికి ఆనించి పెట్టుకోవాలి. మంచు అంచు మీద ఆమె పని అదే. ఒకటి కెమెరాలో ఉంటే తక్కినవి ఆమె లోపలి జేబులో వెచ్చగా ఉండేవి. ఇపీలీ వెనక్కి చూడకుండా చెయ్యి చాపితే చేతిలో పెట్టేది. అక్టోబరులో ఆ రోజు జ్వరం వచ్చి ఇంట్లో ఉండిపోయింది, అవి ఆమె దగ్గరే ఉండిపోయాయి. అప్పట్నుంచి బట్టలు మారుతున్నాయి గానీ జేబులో అవి అలాగే ఉన్నాయి. రాత్రిళ్ళు కూడా తియ్యదు. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

కిందటి వసంతం ఒకరోజు ఇద్దరూ తెల్లగుడ్డ తెర వెనకాల బోర్లా పడుకుని ఉన్నారు. నీళ్ళ మీద పొగమంచు, ఎలుగు జాడ లేదు. కూనూకి విసుగొచ్చింది.

"ఒక్కసారి నన్ను తియ్యనివ్వు," అంది.

"ఇంకేదైనా అడుగు," అన్నాడు ఇపీలీ.

"ఇదే అడుగుతున్నా."

"నీ చేతులు చిన్నవే. జారి నీళ్ళలో పడిందంటే మీ నాన్న తెచ్చిస్తాడా? నీకు వేరేది కొందాంలే. నీ చేతికి పట్టేది."

"ఎప్పుడు?"

"కొందామన్నా కదా."

అంతలో ఎలుగు వచ్చింది, ఆ మాట అక్కడే ఆగిపోయింది.

కూనూ ఇంట్లోకి వెళ్ళి పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. కాసేపటికి చలిగది తలుపు, ఆ తర్వాత ఇంటి తలుపు తెరుచుకున్నాయి. అత్త కౌనక్ బూట్ల మంచు విదిలించుకుంటూ వచ్చి కూర్చుంది. ముసలామె ఎత్తులో కూనూ భుజం దాకా కూడా రాదు, కానీ ఆమె వస్తే గది నిండినట్టుంటుంది.

"నీ మొగుడు నిన్న నా ఒళ్ళో ఉచ్చ పోశాడు," అంది.

కూనూ టీ పోసి అందించింది.

"బతికున్నప్పుడు కనీసం గుమ్మం దాటి వెళ్ళేవాడు. ఇప్పుడు ఆ మర్యాద కూడా లేదు."

"పసివాడు అత్తా."

"పసివాడే, అయితే ఏంటంట? ముక్కు అదే, మొండితనం అదే. ఎడమవైపు పాలిస్తే తాగడు. వాడికి ఎడమంటే మొదట్నుంచీ పడదు. పక్కమీద కూడా కుడివైపే కావాలనేవాడు కదా, నాకంటే నీకే బాగా తెలియాలి."

కూనూ పెదాలు సాగదీసింది. కౌనక్ ఆ నవ్వు వైపు కాసేపు చూసింది. కొడుకు పోయినప్పుడు ఈమె గొంతు పోయేదాకా ఏడ్చింది, నేల మీద పడి దొర్లింది. డిసెంబరులో బిడ్డని చేతుల్లో పెట్టగానే కళ్ళు తుడుచుకుని, వచ్చాడు నా కొడుకు అంది. ఆ తర్వాత ఇక ఏడవలేదు. ఈ ముసలామె మీద తనకు కోపం రావాలని కూనూకి తెలుసు, కనీసం అసూయైనా కలగాలి. ఏదీ రాలేదు. కప్పులో టీ తగ్గిందని మళ్ళీ పోసింది.

"ఇంకా ఏడుపు రాలేదా?"

"రావట్లేదు అత్తా."

"వేళ్ళు కొయ్యబారినప్పుడు అంతే, హాయిగానే ఉంటుంది. మళ్ళీ రక్తం పారేటప్పుడు చూడాలి, అమ్మా అబ్బా అని." కౌనక్ టీ ఊదుకుంది. "సాయంత్రాలు వాడు తలుపుకేసి చూసి ఏడుస్తాడు. నిన్ను రమ్మనట్లేదు. చూసింది చెప్తున్నా, అంతే."

టీ తాగి, గడ్డకట్టిన చేప ముక్క ఒకటి నోట్లో వేసుకుని, వచ్చినంత మామూలుగా వెళ్ళిపోయింది.

కూనూ ఆమె తాగిన కప్పు కడిగి బోర్లించింది. కెమెరా తనది కాదు. అది వాడుకోవాలంటే వాణ్ని అడగాలి, అడగాలంటే వాణ్ని పిలవాలి. పిలిస్తే ఇపీలీ లేడని ఒప్పుకున్నట్టా, ఉన్నాడని ఒప్పుకున్నట్టా? ఈ ప్రశ్న ఇన్ని నెలలుగా ఆమె ముందు పడి ఉంది, ఆమె దాని పక్కనుంచి నడిచి వెళ్ళిపోతోంది. ఇవాళ కూడా పక్కనుంచే వెళ్ళాలనుకుంది. పెట్టె పట్టుకెళ్ళి అక్కడ పెట్టేస్తే సరి. అడిగేదీ ఉండదు, పిలిచేదీ ఉండదు. రేపు జైకూ తెర మీద కళ్ళు మూసుకుని ఎక్కడో ఒకచోట వేలు పెడుతుంది. ఎలుగులు ఫోటోలో పడితే పడతాయి, లేకపోతే లేదు.

పెట్టె భుజానికెత్తుకుని నడిచింది. ఏప్రిల్ సాయంత్రం, ఎండ ఇంకా మంచు మీద మెరుస్తూనే ఉంది. చలి మాత్రం తగ్గలేదు, పెట్టె ఇనుప గొళ్ళెం చల్లదనం కోటు మీంచి కూడా మెడకి తగులుతోంది. లీషియా ఇల్లు చేరకముందే ఏడుపు వినిపించింది.

లోపల హీటరు పూర్తిగా తిప్పి ఉంది. నేల మీద అట్ట పరిచి చేప పెట్టుకుని కౌనక్ అర్ధచంద్రపు కత్తితో కోస్తోంది. లీషియా బిడ్డని భుజాన వేసుకుని గది ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతోంది. కూనూని చూసి ఆగిపోయింది.

"వదినా," అంది.

"ఇపీలీ పెట్టె తెచ్చాను," అంది కూనూ. బిడ్డవైపు చూడలేదు. పెట్టెను మంచం పక్కన దించి మోకాళ్ళ మీద కూర్చుంది.

లీషియా బిడ్డని మంచం మీద, జింక తోలు మీద పడుకోబెట్టింది. కౌనక్ కత్తి పక్కన పెట్టి దగ్గరికి జరిగింది. అందరూ ఆ ముడి వైపే చూస్తున్నారు. అది ఇపీలీ చేతులు వేసిన ఆఖరి ముడి. అతని ముడులు విప్పడం ఎవరి తరమూ కాదని ఊళ్ళో పేరు. కూనూకి తెలుసు ఎక్కడ నొక్కి ఎక్కడ లాగాలో. తాడు చలికి కర్రలా బిగుసుకుంది. గోళ్ళతో పట్టు దొరకక పళ్ళతో లాగింది. ముడి విడింది. మూత తీసి, తాను కుట్టిన జింక తోలు తొడుగు లోంచి కెమెరాను బయటికి తీసి, బిడ్డ పక్కన పెట్టింది.

పెట్టాక చూసింది. కెమెరా గాజు అంచుల దగ్గర మొదలై మధ్య దాకా తెల్లగా కమ్ముకుపోయింది. నల్లటి ఒళ్ళంతా బూడిద రంగు నూగు పట్టి, చూస్తుండగానే చిన్న చిన్న నీటిబొట్లయింది. గొట్టం మడతల్లోకి, స్విచ్చుల సందుల్లోకి నీళ్ళు దిగుతున్నాయి.

సంచి మర్చిపోయింది. పసిపిల్లలకి తెలిసిన సంగతి. రెండు వసంతాలు ఆ సంచి మూతి కట్టింది తన చేతులతోనే. శీతాకాలమంతా చలిగదిలో తుపాకీలా జాగ్రత్తగా ఉంచి, ఇచ్చే రోజున ఇలా తెచ్చి పెట్టింది.

లీషియా తన ప్రమేయం లేకుండానే చెవుల మీద చేతులు పెట్టుకుంది, ఆ పుట్టినరోజున పెట్టుకున్నట్టు. అందరి కళ్ళూ బిడ్డవైపు తిరిగాయి. వాడు ఏడుపు ఆపాడు. తడిసిన కెమెరాను కాదు, కూనూ ముఖాన్ని చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. నోరంతా తెరిచి, ఒళ్ళు ఎర్రబడేలా, ఇల్లు దద్దరిల్లేలా అరిచాడు.

"మొదలెట్టాడు," అంది కౌనక్.

కూనూ వాణ్ని చూసింది. నాలుగు నెలల్లో మొదటిసారి చూసింది. వెడల్పాటి ముక్కు, కోపం వస్తే ముడతపడే నుదురు, ఊపిరి తీసుకోవడానికి ఆగి మళ్ళీ అందుకోవడం. లోపల ఎక్కడో ఒక చోట నొప్పి పుట్టింది. మెల్లగా కాదు, ఒక్కసారిగా పుట్టింది. ఇపీలీ చచ్చిపోయాడు. ఇపీలీ నీళ్ళలో పడి చచ్చిపోయాడు, ఆ రోజు తాను లేదు, అతను వెనక్కి చూడకుండా చెయ్యి చాపి ఉంటే ఆ చేతిలో పెట్టేవాళ్ళెవరూ లేరు.

"తిట్టు," అంది. "తిట్టవయ్యా. నాదే తప్పు. తిట్టు."

వాడు తిట్టాడు. ఆమె ఏడ్చింది. ముఖం కప్పుకోలేదు, ఎవరి భుజం మీదా వాలలేదు, మోకాళ్ళ మీద కూర్చున్న చోటే మంచం అంచు పట్టుకుని ఏడ్చింది. అక్టోబరు నుంచి దాచిందంతా ఒక్కసారి వస్తుంటే పక్కటెముకలు నొప్పిపుట్టాయి. ఇంత బాధ పడగలనని ఆమెకి తెలియదు. లీషియా కూడా ఏడుస్తూ తువ్వాలు తెచ్చి కెమెరా తుడవబోయింది.

"తుడవకు," అంది కౌనక్. "తుడిస్తే నీళ్ళు లోపలికి పోతాయి. దానంతటదే ఆరనియ్యి."

అలాగే వదిలేశారు. కౌనక్ మళ్ళీ చేప కోసుకుంది. కాసేపటికి ఎవరి ఏడుపు ముందు ఆగిందో తెలియదు గానీ, కూనూ, బిడ్డా వెక్కుతూ ఒకరినొకరు చూసుకుంటున్నారు. కూనూ కోటు లోపలికి చెయ్యి పెట్టి బ్యాటరీలు రెండూ తీసి కెమెరా పక్కన పెట్టింది. అవి వెచ్చగా ఉన్నాయి. అవి ఉన్న చోట ఒళ్ళు చల్లగా, ఖాళీగా అనిపించింది.

"వీటి కోసమేనా ఎదురుచూసింది?" అంది వాడితో. "తేవడం ఆలస్యమైంది, మొగుడా."

లీషియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కౌనక్ కత్తి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

"ఏమయ్యా," అంది కూనూ, ముక్కు చీదుకుని. "మంచు అంచుకి వెళ్ళాలి. ఎలుగులు వచ్చే వేళయింది. నీ కెమెరా ఒకసారి నాకిస్తావా?"

కెమెరా పట్టీ చివర పట్టుకుని తనవైపు మెల్లగా లాగింది. అవతలి కొస అప్పటికే వాడి గుప్పెట్లో ఉంది. ఆమె ఇంకొంచెం లాగింది. వాడు వదల్లేదు. రెండో చెయ్యి కూడా వేసి, పట్టీని నోటి దగ్గరికి తెచ్చుకుని, చిగుళ్ళతో పట్టుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటే విడదీయబోతే మళ్ళీ కనుబొమలు ముడిచాడు.

"ఇవ్వడట," అంది కౌనక్, నోట్లో చేపతో. "చెప్పానా, మొండితనం అదేనని."

ముందు లీషియా నవ్వింది. తర్వాత కూనూకి నవ్వొచ్చింది. అది సాగదీసిన పెదాల నవ్వు కాదు, కళ్ళలో నీళ్ళు కారుతుండగానే పొట్టలోంచి వచ్చింది. నవ్వి నవ్వి పట్టీ వదిలేసింది. ఆ సాయంత్రం వాడు మళ్ళీ ఏడవలేదు. పట్టీ నోట్లో పెట్టుకునే నిద్రపోయాడు. ఆమె పక్కనే కూర్చుని, గాజు మీద తెల్లదనం మధ్యలోంచి మెల్లగా తొలగిపోవడం చూసింది.

మర్నాడు పొద్దున జైకూ హీటరు వెలిగించేసరికే కూనూ ఆఫీసు గుమ్మంలో ఉంది. కళ్ళు ఉబ్బి సగం మూసుకుపోయాయి. జైకూ ఆ కళ్ళను చూశాడు. తెర ఆమె వైపు తిప్పి టీ పోశాడు.

ఈసారి ఆమె కూర్చుని నిదానంగా చూసింది. ఒక్కోదాని కొలతలూ జైకూ చేత పైకి చదివించుకుంది. ఒకదాని బొమ్మ ముందు తన చెయ్యి తెరకి ఆనించి, వేళ్ళు చాపి, ముడిచి చూసుకుంది. ఇంత బరువైతే బోర్లా పడుకుని ఎంతసేపు ఎత్తి పట్టుకోగలనో అని ఆలోచించింది. బయట వేసుకునే చేతితొడుగు జేబులోంచి తీసి తొడుక్కుని, గాలిలో స్విచ్చు నొక్కి చూసుకుంది. చివరికి పొట్టిగా, వెడల్పు స్విచ్చులతో ఉన్న ఒకదాని మీద వేలు పెట్టింది. దానితో పాటు మధ్యరకం గొట్టం ఒకటి చూపించింది.

"ఇదా?" అన్నాడు జైకూ. "చిన్నదిగా ఉందే. ఇపీలీ పెద్ద గొట్టం దీనికి పట్టదు."

"తెలుసు. దగ్గరగా పాక్కుంటూ వెళ్తా. నా చేతికి ఇదే పడుతుంది."

జైకూ మీటల మీద వేళ్ళు పెట్టి ఆగాడు. "మరి ఇపీలీని అడిగావా?"

కూనూ టీ కప్పు రెండు చేతులతో పట్టుకుంది. వేళ్ళకి వేడి తగిలింది.

"అడిగాను," అంది. "ఇవ్వనన్నాడు."